సిఫార్సు నుంచి కనీసానికి

కంప్యూటర్ ఆట ఏది కొనబోయినా, వివరాల అడుగున రెండు వరుసలు కనిపిస్తాయి. ఎడమ పక్క 'కనీసం', కుడి పక్క 'సిఫార్సు'. కనీసం అంటే ఆట తెరుచుకుంటుంది, ఆపైన మీ ఓపిక. సిఫార్సు అంటే చేసినవాళ్లు ఎలా ఆడాలనుకున్నారో ఇంచుమించు అలా ఆడొచ్చు. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 వచ్చినప్పుడు కుడి పక్క వరుసలో గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1060, ఆరు జీబీ అని ఉంది. 2023లో ఆ పట్టిక తిరగరాశారు. చూస్తే అదే కార్డు ఎడమ పక్కకు వచ్చేసింది. మూడేళ్లు తిరక్కుండా సిఫార్సు కాస్తా కనీసమైంది. నా టేబుల్ కింద ఉన్న కార్డు మాత్రం పెట్టిన స్లాటులోంచి అంగుళం కదల్లేదు. ఆ రోజు సెకనుకు ఎన్ని లెక్కలు చేసేదో ఇవాళా అన్నే చేస్తోంది. మనకు వయసు ఒంటి మీద పడుతుంది, దానికి కాగితం మీద పడింది.

అప్పట్నుంచి నన్నో ప్రశ్న పట్టుకుంది. ఒక యంత్రం పాతదైపోయిందని తేల్చేది ఎవరు?

ముందు నా యంత్రం సంగతి చెప్పాలి. 2016 దసరాకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక్కో పార్టూ ఒక్కో కొట్లో బేరమాడి కొని, చివరి కొట్లో కుర్రాడి చేత బిగించుకుని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న అసెంబుల్డ్ సిస్టమ్ అది. ఇంటెల్ ఆరో తరం ఐ5-6500 ప్రాసెసర్, నాలుగు కోర్లు. హెచ్110 బోర్డు. ఎనిమిది జీబీ ర్యామ్, తర్వాత ఇంకో ఎనిమిది. ఆ ఏడాది జులైలోనే విడుదలైన 1060 కార్డు. హార్డ్ డిస్కుకు తోడు కొన్నాళ్లకు ఒక ఎస్ఎస్‌డీ వచ్చి చేరింది. మా ఇంట్లో ఆ డబ్బా మొత్తాన్నీ 'సీపీయూ' అంటారు. "ఆ సీపీయూ వెనకాల చీపురు పోదు" అన్నది మా ఆవిడకు దాని మీద ఉన్న ఏకైక ఫిర్యాదు. అందులోని 1060 ఏమీ అపురూపమైన కార్డు కాదు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ వాళ్లు నెలనెలా వేసే హార్డ్‌వేర్ లెక్కల్లో 2022 చివరి దాకా ఏళ్ల తరబడి మొదటి స్థానం దీనిదే. అన్నాళ్లూ ప్రపంచంలో మధ్యతరగతి ఆటగాడి కార్డు ఏదంటే ఇదే.

నిజంగా వచ్చే వయసు ఒకటుంది, కాదనను. అది దుమ్ము రూపంలో వస్తుంది. మాది మెయిన్ రోడ్డు పక్క రెండో అంతస్తు. ఎండలు ముదరకముందే, మార్చిలో ఒక ఆదివారం, డబ్బాను బాల్కనీలోకి మోసుకెళ్లి పక్క తలుపు ఊడదీస్తాను. బ్లోయర్ పెట్టేముందు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. వదిలేస్తే ఆ గాలికి గిర్రున తిరిగి బేరింగు దెబ్బతింటుంది. ర్యామ్ పట్టీలు పీకి, వాటి బంగారు రంగు అంచుల్ని పిల్లల ఎరేజరుతో మెల్లగా రుద్దుతాను. ఈ వైద్యం ఏ కంపెనీ పుస్తకంలోనూ చూడలేదు గానీ మన దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ప్రతివాడికీ తెలుసు. డిస్‌ప్లే రావడం లేదని తీసుకెళ్తే కొట్టతను మొట్టమొదట చేసే పని ఇదే. ఎరేజరు పొడి ఊది, పట్టీలు మళ్లీ గుచ్చి, స్విచ్ వేసి, మన మొహం చూస్తాడు.

అన్నిటికన్నా దడ పుట్టించేది ప్రాసెసర్ మీది కూలర్. ఇంటెల్ వాళ్లు ఊరికే ఇచ్చే కూలర్‌కు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. తిప్పి పైకి లాగితే ఊడతాయి. ఎండి పెళుసుబారిన పాత థర్మల్ పేస్టును స్పిరిటు అద్దిన గుడ్డతో తుడిచేసి, కొత్తది మినపగింజంత పెట్టి, కూలర్‌ను మళ్లీ కూర్చోబెట్టి, పిన్నుల్ని ఎదురెదురు మూలల్లో ఒత్తుకుంటూ రావాలి. ఒత్తుతుంటే బోర్డు వంగుతుంది. కిర్రుమంటుంది. అంతా అయిపోయిందనిపిస్తుంది. నాలుగో పిన్ను టక్కుమన్నాక గానీ ఊపిరాడదు. ఆ సాయంత్రం నుంచి ఫ్యాను రొద సగానికి సగం తగ్గి, పక్క గదిలో టీవీ సీరియల్ మాటలు వినిపించడం మొదలవుతుంది. అది లాభమో నష్టమో చెప్పలేను.

ఇంకా చిల్లర రోగాలు ఉన్నాయి. బోర్డు మీద నాణెమంత బ్యాటరీ, సీఆర్2032, ఒకసారి అయిపోయింది. లోపలి గడియారం 2015 జనవరికి వెళ్లిపోయింది. నా కంప్యూటర్ తాను పుట్టని కాలంలోకి పోయి కూర్చుంది, తేదీ తప్పు కాబట్టి ఒక్క వెబ్‌సైటూ దాన్ని నమ్మి తలుపు తీయలేదు. గడియారాల కొట్లో కొత్త బ్యాటరీ తెచ్చి వేస్తే వర్తమానంలోకి వచ్చింది. ఒక వేసవి సాయంత్రం కరెంటు పోయి తిరిగొచ్చిన ఊపుకు ఎస్ఎంపీఎస్ కాలిన వాసన కొట్టి ఊరుకుంది, కొత్తది వేయించాను. దాని అసలు ముసలితనం ఇంతే. దీనికి మందుంది, ఆ మందు నా చేతిలో ఉంది.

ఒకప్పుడు ఇలా దాచుకునే వీలే లేదు. చిప్పు మీద పట్టే భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపవుతుందని గోర్డన్ మూర్ 1965లో రాశాడు. 1975లో దాన్ని రెండేళ్లకోసారి అని సవరించుకున్నాడు. ఆయన పేరు అందరికీ తెలుసు. కొనేవాడి జేబుకు నేరుగా చిల్లు పెట్టిన సూత్రం మాత్రం రాబర్ట్ డెనార్డ్ అనే ఐబీఎం ఇంజనీరుది. 1974లో ఆయన, సహచరులు తేల్చిందేమంటే, ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేస్తే అది లాగే కరెంటు కూడా ఆ మేరకు తగ్గుతుంది, కాబట్టి వేడి పెరగకుండానే ఇంకా వేగంగా నడపొచ్చు. ఈ రెండూ జోడుగా పరిగెత్తినన్నాళ్లూ కొత్త కంప్యూటర్ అంటే నిజంగానే కొత్తది. 1995 చివర్లో పెంటియం ప్రో వేగం 200 మెగాహెర్ట్జ్. 2001 ఆగస్టుకు పెంటియం 4 రెండు గిగాహెర్ట్జ్ అందుకుంది. ఆరేళ్లు నిండకుండా పది రెట్లు.

ఆ రోజుల్లో నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. హాస్టల్ ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్లో రెండు వరుసల మిషన్లుండేవి. గోడవైపు పాతవి, గంటకు తక్కువ. కిటికీవైపు కొత్తవి, గంటకు ఎక్కువ. డబ్బులున్న రోజు కిటికీవైపు, లేని రోజు గోడవైపు. కౌంటర్ స్ట్రైక్, ప్రాజెక్ట్ ఐజీఐ రెండు వరుసల్లోనూ ఆడేవి. 2003లో వైస్ సిటీ పీసీ మీదకు వచ్చాక గోడవైపు మిషన్లు మొరాయించాయి. 2004లో డూమ్ 3, దాని వెనకే హాఫ్ లైఫ్ 2 వచ్చేసరికి కిటికీవైపువీ చేతులెత్తేశాయి. సెంటర్ ఆయన కొత్త ఆట సీడీ పట్టుకుని ఎవడొచ్చినా కసురుకునేవాడు. లోను తీరకముందే సరుకు పాతబడిపోతుంటే ఎవరైనా కసురుకుంటారని అప్పట్లో మాకు తట్టలేదు. 1998లో గొప్పగా చెప్పుకున్న వూడూ2 కార్డు ఆరేళ్లకు హాఫ్ లైఫ్ 2 గడప కూడా తొక్కలేకపోయింది. 2016 నాటి నా కార్డు ఆరేళ్లకు, 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌ను మొదటి గుర్రపుస్వారీ నుంచి చివరి పోరు దాకా ఆడించింది.

మధ్యలో జరిగిందేమంటే, 2005 ప్రాంతంలో డెనార్డ్ లెక్క తప్పింది. ట్రాన్సిస్టర్లు ఇంకా చిన్నవవుతూనే ఉన్నాయి గానీ, మరీ సన్నబడేసరికి ఆపినప్పుడు కూడా కరెంటు కారిపోవడం మొదలైంది, వేడి తగ్గడం మానేసింది. తేజస్ అనే చిప్పును ఇంటెల్ 2004లో సగంలో వదిలేసింది. గడియారం వేగం నాలుగు గిగాహెర్ట్జ్ దగ్గర ఏళ్ల తరబడి చతికిలబడింది. ఇప్పటికీ ఐదారు దగ్గరే ఉంది. ఆ తర్వాత పెరిగినవి కోర్లు, క్యాష్, రకరకాల ఉపాయాలు. ఎదుగుదల ఆగలేదు. నిన్నటిదాన్ని ఇవాళ చెత్తకుప్పలో పారేయించే ఎదుగుదల మాత్రం ఆగింది. పాత కంప్యూటర్ దాచుకోవడం నా నిగ్రహం వల్ల సాధ్యమైందని ఎవరైనా మెచ్చుకుంటే నేను ఒప్పుకోను. అది సిలికాన్ అలిసిపోవడం వల్ల దక్కిన వెసులుబాటు.

ఇంకో లెక్క కూడా చూడండి. 2015 జనవరిలో జీటీఎక్స్ 960 రెండు జీబీ మెమరీతో వచ్చింది. ఏడాదిన్నరకు 1060 ఆరు జీబీతో వచ్చింది. అంటే మూడింతలు. మరి అదే తరగతిలో, 2025 మేలో వచ్చిన ఆర్టీఎక్స్ 5060లో ఎంతుంది? ఎనిమిది. తొమ్మిదేళ్లకు రెండు జీబీ. మధ్యలో 3060 పన్నెండు జీబీతో వచ్చి ఆశపెట్టింది, 4060 మళ్లీ ఎనిమిదికి దిగింది. వేగం రెండింతలకు పైగానే పెరిగింది, అది కాదంటే అన్యాయం. కానీ ప్రకటనల్లో చూపించే వేగం వేరు. అందులో కొంత భాగం కార్డు గీసిన బొమ్మలది కాదు, రెండు బొమ్మల మధ్య ఊహించి దూర్చిన బొమ్మలది. ఇప్పటి కార్డులు ఒక అసలు బొమ్మకు ఒకటికి మించి ఊహా చిత్రాలు కలుపుతాయి. తక్కువ చుక్కలతో గీసి పెద్దది చేసి చూపించే ఉపాయం మాత్రం నాకూ దక్కింది. ఎన్‌విడియా వాళ్ల డీఎల్ఎస్ఎస్‌కు ఆర్టీఎక్స్ కార్డు కావాలి. పోటీదారు ఏఎండీ 2021లో తెచ్చిన ఎఫ్ఎస్ఆర్‌కు అక్కర్లేదు. అలా ఎన్‌విడియా కార్డుకు ఏఎండీ వాళ్లు ఆయుష్షు పోశారు. వ్యాపారంలో ఇలాంటి ధర్మకార్యాలు అరుదు.

"కార్డొక్కటే మార్చెయ్ మామయ్యా, పోయేదేముంది" అంటాడు మా మేనల్లుడు. మా అక్క కొడుకు, బీటెక్ మూడో ఏడు. వాడి ఒళ్లో ఎప్పుడూ 4060 ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ ఉంటుంది, దాని కీబోర్డు కింద ఏడు రంగుల దీపాలు వెలుగుతుంటాయి. వాడు చెప్పిందీ సబబే అనిపించి ఒక రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. 5060 కార్డు పదహారు దారుల స్లాటులో కూర్చున్నా ఎనిమిది దారులే వాడుకుంటుంది. ఇప్పటి బోర్డు మీద ఆ లోటు తెలియదు. నాది పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరం బోర్డు. కార్డు మెమరీ నిండి ర్యామ్‌లోకి చెయ్యి చాచాల్సి వచ్చిన క్షణాన ఆ ఇరుకు బయటపడుతుంది. కాబట్టి బోర్డు మార్చాలి. బోర్డు మారితే ఐ5-6500 కూర్చోదు, ప్రాసెసర్ మార్చాలి. ఇప్పటి ప్రాసెసర్ కొంటే డీడీఆర్5 ర్యామ్, నా డీడీఆర్4 పట్టీలు డ్రాయర్లోకి. ఇంత పెట్టుకున్నాక ఎస్ఎంపీఎస్ పెద్దది వేయమంటారు. పాత క్యాబినెట్లో గాలి ఆడదంటారు. అన్నీ అయ్యాక చూస్తే నా మానిటర్ అరవై హెర్ట్జ్‌ది, సెకనుకు అరవై బొమ్మలకు మించి చూపించలేదు. గోచీ ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చి, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చి, ఆవుకు గడ్డి కోసం పొలం కొని, చివరికి పెళ్లి చేసుకున్న సన్యాసి కథ మా తాతయ్య చెప్పేవాడు. ఆ కథలో సన్యాసి ఏ మెట్టు దగ్గరా తప్పు లెక్క వేయడు. ప్రతి మెట్టూ సబబే. మొదటి మెట్టు దగ్గర ఆ గోచీని కుట్టుకుంటే సరిపోయేది, అంతే. నేను కాగితం మడిచి పెట్టి, ఎస్ఎస్‌డీలో ఆడేసిన ఆటలు రెండు తీసేసి చోటు చేసుకున్నాను.

కొనాలనుకున్నప్పుడల్లా బజారు కూడా నన్ను ఆపుతూనే వచ్చింది. 2021లో క్రిప్టో నాణేల తవ్వకాలవాళ్లు గ్రాఫిక్స్ కార్డుల్ని బస్తాల్లెక్కన ఎత్తుకుపోయారు. వాడిన 1060కి నేను కొత్తదానికి పెట్టినంత ధర పలికింది. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం అనే క్రిప్టో నాణెం ఆ తవ్వకం పద్ధతి మార్చుకుంది, కార్డులతో తవ్వే పని ఆగింది, బజారు సర్దుకుంది. హమ్మయ్య అనుకునేలోపు ఏఐ వచ్చింది. డేటా సెంటర్ల గిరాకీకి 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకాయి. ర్యామ్ తయారుచేసే మైక్రాన్ అయితే మనం కొనే క్రూషియల్ బ్రాండునే మూసేస్తున్నామని ఆ డిసెంబరులో ప్రకటించింది. నా రెండు పట్టీల్లో ఒకటి ఆ బ్రాండుదే. ఇప్పుడు దాన్ని ఎరేజరుతో రుద్దేటప్పుడు చెయ్యి ఇంకాస్త నెమ్మదిస్తోంది.

ఇక హుకుం ద్వారా వచ్చే ముసలితనం. విండోస్ 11 2021 అక్టోబరులో వచ్చింది. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్లయితే దాదాపు అన్నీ ఎనిమిదో తరం నుంచే. నాది ఆరోది. టీపీఎం లేదా అంటే, బోర్డు బయోస్‌లోకి వెళ్లి ఒక మీట నొక్కితే అదీ ఉంది, 2.0యే. అంటే తలుపుకు తాళం ఉంది, తాళం చెవీ ఉంది, జాబితాలో పేరు మాత్రం లేదు. భద్రత కోసం గీత ఎక్కడో ఒక చోట గీయాలి, అది ఒప్పుకుంటాను. ఆ గీత ఎక్కడ గీయాలన్నది ఇంజనీరింగ్ ఎంతో నిర్ణయమూ అంతే. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, ఇష్టమైనవాళ్లకు ఇంకో ఏడాది పొడిగించారు. అదే నెలతో 1060 తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లు ఆగిపోయాయి, భద్రతా సవరణలు 2028 అక్టోబరు దాకా వస్తాయి. తొమ్మిదేళ్లు డ్రైవర్లు ఇచ్చారంటే అది తక్కువ సేవ కాదు. మన ఫోన్లకు ఇందులో సగం దక్కినా పండగ చేసుకుంటాం. నేను రెండో ఎస్ఎస్‌డీ మీద లినక్స్ వేసుకున్నాను. వాల్వ్ వాళ్లు 2018లో తెచ్చిన ప్రోటాన్ పుణ్యాన విండోస్ ఆటలు చాలామటుకు అక్కడా ఆడుతున్నాయి. బ్యాంకు పనులు లినక్స్ పక్కన, మిగతావి విండోస్ పక్కన.

వీటన్నిటికీ ఒక మినహాయింపు ఉంది. కొన్ని తలుపులు న్యాయంగానే మూసుకుంటాయి. 2024 డిసెంబరులో ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్ వచ్చింది, 2025 మేలో డూమ్: ద డార్క్ ఏజెస్. రెండింటికీ రే ట్రేసింగ్ చేసే హార్డ్‌వేర్ తప్పనిసరి. నా కార్డులో లేదు, ఎంత శుభ్రం చేసినా రాదు. ఇదివరకు ఆటలో ఒక గది వెలుగును స్టూడియోలో గంటల తరబడి ముందే లెక్కగట్టి గోడలకు అతికించేసేవారు. దీపం పక్కకు జరిపినా, గోడ కూల్చినా ఆ వెలుగు అబద్ధమైపోతుంది. అందుకని వాటిని కదలనిచ్చేవారు కాదు. ఇప్పుడు ప్రతి బొమ్మకూ కాంతి దారిని అక్కడికక్కడే లెక్కిస్తున్నారు. గీసేవాళ్లకు నెలల చాకిరీ తప్పుతుంది, ఆటలో గోడలు నిజంగా కూలుతాయి. ఆ ఆటలకు నేను అర్హుణ్ణి కాను, అందులో నాకు కోపం లేదు. కాగితం మీద వరుస మార్చడానికీ దీనికీ తేడా ఉంది. మొదటిదాంట్లో నా కార్డు చేయగలిగిన పనినే చిన్నచూపు చూశారు, రెండోదాంట్లో అది చేయలేని పని నిజంగా ఒకటి పుట్టింది.

మరి ఏం ఆడుతున్నావయ్యా అంటే, నాలుగైదేళ్లు వెనకబడి ఆడుతున్నాను. ఇందులో సుఖం ఉంది. ఆట విడుదలైన రోజు పూర్తి ధరకు కొన్నవాళ్లు మేకులు గుచ్చుకుంటూ నడిచి దారి వేస్తారు. నేను వచ్చేసరికి తప్పులన్నీ దిద్దేసి, అదనపు కథలన్నీ కలిపి, పండగ సేల్‌లో పావు ధరకు ఇస్తారు. ఇది నా ఒక్కడి పిసినారితనం అనుకున్నాను. స్టీమ్ వాళ్లే 2024 లెక్క చెప్పారు. ఆ ఏడాది జనం ఆడిన సమయంలో ఆ ఏడాది ఆటలకు దక్కింది 15 శాతం. ఎనిమిదేళ్లు, అంతకన్నా పాతవాటికి 37 శాతం. ఖరీదైన కొత్త కార్డు కొని, దాని మీద పాత ఆటే ఆడుకుంటున్నవాళ్లు అందులో ఎందరుంటారో!

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 పీసీ మీదకు 2019లో వచ్చింది. 'సిఫార్సు' వరుసలో నా కార్డు పేరు చూసుకుని ముచ్చటపడ్డ ఆట అది. కొన్నది మాత్రం 2023లో. మొదటి రాత్రి ఆడనేలేదు, సెట్టింగుల్లోనే తెల్లారింది. సెకనుకు అరవై బొమ్మలంటే ఒక్కో బొమ్మకు దొరికేది 16.7 మిల్లీ సెకన్లు. ఆ లోపల 1920 అడ్డం, 1080 నిలువు, మొత్తం 20,73,600 చుక్కలకు రంగు తేల్చాలి. 4కే తెర అయితే దీనికి నాలుగింతలు. నా మానిటర్ పాతది కావడం నా కార్డుకు చేస్తున్న మేలు ఇది. దేనికి ఎంత ఖర్చవుతోందో ఒక్కొక్కటీ మార్చి చూస్తూ పోయాను. టెక్స్చర్లు పూర్తిగా పైకి పెట్టాలి. దించితే గుర్రం జీను బురదగా కనిపిస్తుంది, పైకి పెడితే ఖర్చయ్యేది మెమరీయే, అది నాకు ఆరు జీబీ ఉంది. పొగమంచు నాణ్యత దించితే కొండ మీది ఉదయం కాస్త పలచబడుతుంది, అంతే. నీళ్లలో ప్రతిబింబాలు దించాను. గుర్రం మీద ఏరు దాటుతూ తుపాకులకు వెన్ను చూపి పారిపోయేవాడు నీళ్లలోకి తొంగిచూడడు. దూరపు చెట్ల నీడలు దించాను, ఇప్పటికీ ఎక్కడ తగ్గాయో కనిపెట్టలేకపోయాను. చివరికి నలభై పైచిలుకు బొమ్మల దగ్గర కుదిరింది. బొమ్మ ఎలా తయారవుతుందో, ఏది నా కంటికి కావాలో, ఏది ప్రకటనకు మాత్రమే కావాలో ఆ రాత్రి తెలిసినంత మరెప్పుడూ తెలియలేదు. అన్నీ 'అల్ట్రా'లో పెట్టుకునేవాడికి ఈ చదువు అబ్బదు. ఇంతాచేసి ఆ ఆట 1899 నాటి దొంగల ముఠా కథ, మీ కాలం చెల్లిపోయిందర్రా అని లోకమంతా చెబుతున్నా వినని మనుషులు. ఏ కంప్యూటర్ మీద ఆడుతున్నానో గుర్తొచ్చి ఒకటి రెండుసార్లు నవ్వుకున్నాను.

కొత్త ఆటలు బొత్తిగా లేవనీ కాదు. 2025 సెప్టెంబరు 4న హాలో నైట్: సిల్క్‌సాంగ్ వచ్చింది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో గుప్పెడుమంది చేసిన ఆట. కొనడానికి ఒక్కసారిగా ఎగబడ్డ జనానికి ఆన్‌లైన్ దుకాణాలే కుప్పకూలాయి. ఆ రాత్రి కంప్యూటర్ శక్తి ఎక్కడా చర్చకు రాలేదు. నా 1060 మీద అది ఫ్యాను చప్పుడు కూడా లేకుండా ఆడింది. ఓడిపోయిందల్లా నేనే. నలభై దాటిన వేళ్లకు ఏ అప్‌గ్రేడూ దొరకదు.

దీన్ని పర్యావరణ సేవగా చూపించుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని, అందులో పద్ధతిగా సేకరించి తిరిగి వాడుకలోకి తెచ్చినట్టు లెక్క తేలింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థలు తేల్చిన మాట నిజమే. ఒక డబ్బా ఆ కుప్పలో చేరకుండా నా టేబుల్ కింద ఉంది, మంచిదే. కానీ నేను ఫోన్లు మారుస్తూనే ఉన్నాను, ఏసీ కూడా కొన్నాను. ఈ ఒక్క డబ్బాకు బొట్టు పెట్టి త్యాగమూర్తినని చెప్పుకుంటే మా ఆవిడ ముందు నవ్వుతుంది. పాతది కరెంటు తక్కువ తాగుతుందనీ లేదు, ఇప్పటి కార్డులు అదే కరెంటుతో ఎక్కువ పని చేస్తాయి. దీన్ని ఉంచుకోవడానికి నా కారణం చాలా చిన్నది. నేను దాన్ని అడిగే పనులు అది చేస్తోంది. అది పాతదైందో లేదో తేల్చే అధికారం ఆ రెండు వరుసల పట్టికకు ఇవ్వడం నాకిష్టం లేదు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మేనల్లుడు చివరి అస్త్రం తీశాడు. "జీటీఏ 6 వస్తే ఏం చేస్తావ్ మామయ్యా?"

"ఎప్పుడొస్తుందట?"

"ఈ నవంబరు 19న అన్నారు."

"అది కన్సోళ్ల మీదకు రా. పీసీ సంగతి ఇంకా చెప్పనేలేదు. జీటీఏ 5 కన్సోళ్ల మీదకు 2013 సెప్టెంబర్లో వచ్చింది, పీసీ మీదకు 2015 ఏప్రిల్లో. రెడ్ డెడ్‌కు ఏడాది పైన పట్టింది. వచ్చాక తప్పులు దిద్దడానికో ఏడాది. సేల్‌లో సగం ధరకు దిగడానికి ఇంకో ఏడాది."

వాడు వేళ్లు మడిచాడు. "అంటే 2030!"

"అప్పటికి నీకు ఉద్యోగం వచ్చి కొత్తది కొనేసి ఉంటావ్. ఆ ల్యాప్‌టాప్ నాకిచ్చెయ్. దాంట్లో రే ట్రేసింగ్ ఉందిగా."

"అప్పటికి ఇది పాతదైపోతుంది మామయ్యా."

"ఎంతకిస్తావో అది చెప్పు" అన్నాను.